తెలుగు పేషెంట్ల ఇళ్ళకు కబురు చెప్పే ఫోన్లన్నీ నాతోనే చేయిస్తున్నారు, నాకు ఏడుపు కూడా రావడం లేదు

బరంపురం పిల్ల
2021 మే 9, తెల్లవారుజాము 3:10

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఎంబీబీఎస్ అయ్యి ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఇప్పుడు గంజాం జిల్లాలో ఒక కోవిడ్ ఆసుపత్రిలో డ్యూటీ. పేరు అడగకండి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వాళ్ళకి శ్రీకాకుళం కన్నా మా ఊరే దగ్గర. అందుకే ఆ వైపు నుంచి పేషెంట్లు ఎప్పుడూ వస్తారు. మా ఇంటర్న్‌లలో తెలుగు బాగా వచ్చింది నాకొక్కదానికే. మొదట్లో "ఈ ముసలాయన ఏం చెబుతున్నాడో కనుక్కో" అని పిలిచేవారు. ఇప్పుడు పేషెంటు పోతే ఇంటికి ఫోన్ చెయ్యమని పిలుస్తున్నారు. నా డ్యూటీ కాకపోయినా హాస్టల్ నుంచి రప్పిస్తున్నారు. 11 రోజుల్లో 19 ఫోన్లు చేశాను.

మొన్న ఒకాయన పోయారు. సామాను ఒక కవర్లో పెట్టి ముడేసి, పేరు రాసి, మూల పెట్టారు. కళ్ళజోడు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, సెల్లు. నేనింకా వాళ్ళింటికి ఫోన్ చెయ్యలేదు. ఆ కవర్లో సెల్లు మోగింది. ప్లాస్టిక్ లోంచి "ఇల్లు" అని కనిపిస్తోంది. ఆగింది, మళ్ళీ మోగింది. రెండు జతల గ్లౌజులతో ఆ ముడి విప్పడం నాకు చేతకాలేదు. ఐదుసార్లు మోగి ఆగిపోయింది.

అప్పటినుంచి ఎవరి ఫోను మోగినా గుండె దడ. నాది సైలెంట్‌లో పెట్టేశాను. అమ్మ చేసినా ఎత్తను, తర్వాత మెసేజ్ పెడతాను. ఏడుపు రావడం లేదు. నిన్న అవతల ఒకావిడ గుండెలు బాదుకుంటుంటే నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. నేను ఇలాంటి మనిషినా అని భయంగా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

రాత్రి డ్యూటీ
2021 మే 9, 3:32

అయింది. ఇప్పుడూ అవుతోంది. నేను రెండో ఏడు మెడిసిన్ పీజీని, ఇటు ఒడిశా వైపే.

పోయినేడు మే నెలలో సూరత్ నుంచి మగ్గాల పనివాళ్ళు రైళ్ళు రైళ్ళుగా గంజాంలో దిగినప్పుడు భయం వేసేది. భయం వేసిందంటే మనసు పనిచేస్తోందన్న మాట. ఈ ఏడు భయం కూడా లేదు. ఆక్సిజన్ శాచురేషన్ 62 అని చూస్తాను, రాసుకుంటాను, పక్క మంచానికి వెళ్తాను. రూముకి వచ్చాక స్నానం చేసి తడి తలతో మంచం మీద కూర్చుంటే గంట గడిచిపోతుంది. ఏం ఆలోచించానో చెప్పలేను.

నువ్వు చెడ్డదానివి కాదు. చెడ్డదానివైతే తెల్లవారుజామున మూడింటికి ఇది రాయవు.

పర్లాకిమిడి మాస్టారు
2021 మే 9, 6:15

అమ్మా, నువ్వు చేస్తున్నది మామూలు పని కాదు. మన భాషలో ఆ కబురు అందడం ఆ కుటుంబాలకు ఎంతో ఊరట. సరిహద్దులో సైనికుడు మంచుకి భయపడి వెనక్కి రాడు కదా. మనసు గట్టి చేసుకో. పొద్దున్నే ప్రాణాయామం చెయ్యి. దేశం మీ కోసం చప్పట్లు కొట్టింది, దీపాలు పెట్టింది.

రాత్రి డ్యూటీ
2021 మే 9, 6:40

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. చప్పట్లు కొట్టింది 2020 మార్చి 22న. అప్పటినుంచి పద్నాలుగు నెలలు కావస్తోంది. సైనికుడికి సెలవు ఉంటుంది, అతని చోట ఇంకొకడు వస్తాడు. మా చోటికి ఎవరూ రాలేదు. ఏప్రిల్ 18న జరగాల్సిన పీజీ ప్రవేశ పరీక్ష, నీట్ పీజీని మూడు రోజుల ముందు ఆపేశారు, మొన్న 3వ తేదీన కనీసం నాలుగు నెలలు వాయిదా అన్నారు. అంటే కొత్త పీజీలు ఇప్పట్లో రారు. మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లు చేస్తున్నాం. ఇంటర్న్‌లను కోవిడ్ డ్యూటీకి వాడుకోవచ్చని అదే రోజు చెప్పారు. వంద రోజులు చేస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తారట. మంచిదే, కానీ ఆ వంద రోజులూ ఈ పిల్ల ఎలా నిద్రపోవాలో ఎవరూ చెప్పలేదు.

1992లో కేంద్రం రెసిడెంట్లకి, అంటే మాలాంటి పీజీ డాక్టర్లకి, పెట్టిన నిబంధనల్లో ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు మించకూడదని ఉంది. నేను చదివిన చోట గానీ, పనిచేసిన చోట గానీ అది అమలైనట్టు చూడలేదు.

మనసు గట్టిగా లేక కాదు మాస్టారూ. గట్టిపడిపోయిందనే ఆ అమ్మాయి బాధ.

జయపురం చిన్నోడు
2021 మే 9, 7:05

పైన చివరి లైను ప్రింట్ తీసి మా డ్యూటీ రూములో అంటించుకుంటా.

నేనూ ఇంటర్న్‌నే, కోరాపుట్ వైపు. అక్కా, నీకు తిండి సహిస్తోందా? నాకు పీపీఈ తీశాక ఆ శానిటైజర్ వాసన అన్నంలో కూడా వస్తోంది. పెరుగన్నం ఒక్కటే దిగుతోంది.

వార్డు సిస్టర్
2021 మే 9, 8:20

పెరుగన్నం దిగుతోందంటే అదృష్టం తమ్ముడూ, నాకు టీ తప్ప ఏదీ దిగడం లేదు.

నేను డాక్టర్‌ని కాదు, స్టాఫ్ నర్సుని, రాయగడ దగ్గర. ఆ కవర్లు కట్టేది మేమే. మా వార్డులోనూ అలాగే రెండుసార్లు సెల్లు మోగింది. రెండోసారి మా సీనియర్ సిస్టర్ ఒక పద్ధతి పెట్టారు. ముందు ఇంటికి కబురు, ఆ తర్వాతే సామాను కట్టడం. కబురు వెళ్ళేదాకా సెల్లు మూట కట్టకూడదు, మంచం పక్క బల్ల మీదే ఉండాలి, మోగితే ఎవరో ఒకరు ఎత్తాలి. సామాను కట్టేటప్పుడు ఆపేసి లోపల పెడతాం. చిన్న మార్పే. కానీ కవర్లో ఫోను మోగడం మళ్ళీ వినలేదు. మీ సిస్టర్లకి చెప్పి చూడండి, కాదనరు.

ప్రాణహిత ఒడ్డు
2021 మే 9, 11:50

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ట్రైనింగ్ మహారాష్ట్రలోనే. భాష తెలిసినవాడి మీద భారమంతా పడడం మా దగ్గర ఇంకోలా ఉంది. అడవి వైపు పేషెంట్లు మాడియా అనే గిరిజన భాష మాట్లాడతారు. మాలో ఎవరికీ రాదు. అది వచ్చిన వార్డు బాయ్ ఒక్కడే. సూది గుచ్చేటప్పుడు అతనే చెప్పాలి, మాస్కు తియ్యకమ్మా అని అతనే బతిమాలాలి, పోయారని అతనే చెప్పాలి. ఒక వారం అయ్యాక మూడు రోజులు కనబడలేదు. ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తి, "ఎవరితోనూ మాట్లాడడం లేదు సార్, గోడవైపు తిరిగి పడుకున్నాడు" అంది.

అతనికి ఒక్క రోజు కూడా ట్రైనింగ్ ఇవ్వలేదు మేము. ఇప్పటికీ సిగ్గుగా ఉంది నాకు.

లెక్క ప్రకారం
2021 మే 9, 13:15

అసలు ప్రశ్న వదిలేస్తున్నారు. చావు కబురు చెప్పాల్సింది చికిత్స చేసిన డాక్టరు. ఇంటర్న్ ఇంకా ట్రైనీ. ఆ అమ్మాయి పక్కన ఉండి భాష అందించాలి, అంతే. "నాకు రాదు, నువ్వు చెప్పెయ్" అని ఫోను చేతిలో పెట్టడం తప్పు. అవతలివాళ్ళు "వెంటిలేటర్ పెట్టారా, ఎందుకు పెట్టలేదు" అని అడిగితే ఈమె ఏం చెబుతుంది? రేపటినుంచి చెయ్యనని రాతపూర్వకంగా ఇవ్వు.

జయపురం చిన్నోడు
2021 మే 9, 13:22

రాతపూర్వకంగా ఇచ్చి ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ మీద సంతకం ఎవరితో పెట్టించుకోవాలి అన్నా?

బరంపురం పిల్ల
2021 మే 9, 23:48

ఇన్ని వస్తాయనుకోలేదు. అన్నీ రెండుసార్లు చదివాను.

లెక్క ప్రకారం గారూ, మీరన్నట్టే అడిగారు ఒకాయన. "మా అమ్మకి ఐసీయూలో మంచం ఎందుకు ఇవ్వలేదు" అని. ఖాళీ లేదు. ఆ ముక్క చెప్పాను. "ఖాళీ లేకపోతే మా అమ్మ చచ్చిపోవాలా తల్లీ" అన్నారు. తిట్టలేదు, మామూలుగానే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ గొంతు మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు.

చెయ్యనని చెప్పలేను. నేను చెయ్యకపోతే విరిగిన హిందీలో ఎవరో "ఎక్స్‌పైర్ హో గయా" అని పెట్టేస్తారు. అది ఒకసారి విన్నాను.

సిస్టర్ గారూ, ఫోను విషయం మా హెడ్ సిస్టర్‌కి చెప్పాను. "రేపటినుంచే" అన్నారు.

ఇంకొకటి, ఇక్కడే చెప్పగలను. నిద్ర కోసం మూడు రోజులుగా ఆల్‌ప్రజోలామ్ వేసుకుంటున్నాను. ఎవరినీ అడగలేదు.

మనసు వార్డు
2021 మే 10, 0:30

ఆ చివరి లైను చూసి రాస్తున్నాను. నేను సైకియాట్రీ పీజీని, బరంపురంలో పెరిగినవాడినే. ఇక్కడ రాసేది నీకు చికిత్స కాదు, అన్నగా చెబుతున్నానంతే.

మొదట ఆ మాత్ర. మన డాక్టర్లకి ఉన్న పెద్ద జబ్బు ఇదే, మందు చేతిలో ఉంది కదా అని మనకి మనమే రాసుకుంటాం. ఆ జాతి మందులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి, ఆ తర్వాత అవి లేకపోతే నిద్రే రాదు. మూడు రోజులే కాబట్టి ఇప్పుడే ఎవరికైనా చూపించుకుని వాళ్ళు చెప్పినట్టు చెయ్యి. డ్యూటీకి ముందు మాత్రం వేసుకోవద్దు.

ఏడుపు రాకపోవడం గురించి. అది గుండె రాయి కావడం కాదు. మోయలేనంత వచ్చి పడుతుంటే మనసు తలుపు వేసుకుంటుంది. అప్పుడు దుఃఖంతో పాటు ఆకలీ, అమ్మ మీద ప్రేమా కూడా బయటే ఉండిపోతాయి. గడియారం చూడడం కూడా అందులో భాగమే. ఫోను మోగితే దడ, అమ్మ ఫోను తప్పించుకోవడం, ఇవన్నీ ఒక తీగకి కాసినవే.

నీ దగ్గర పీహెచ్‌క్యూ-9 ఉంటుంది, డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నలు. పేషెంటుకి ఇచ్చినంత నిజాయితీగా నీకు నువ్వు వేసుకో. మొత్తం 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఒంటరిగా లాగకు. తొమ్మిదో ప్రశ్నకి, అంటే చనిపోతే బాగుండుననే ఆలోచనకి, సున్నా కాకుండా వేరే ఏది వచ్చినా మిగతా మార్కులతో పని లేదు, ఆ రోజే ఒక మనిషికి చెప్పు.

మా వార్డుకి వస్తే అందరూ చూస్తారని భయం ఉంటుంది. ఫోన్లో మాట్లాడొచ్చు. కిరణ్ హెల్ప్‌లైన్ 1800-599-0019లో తెలుగు ఉంది, ఒడియా ఉంది. బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్‌హాన్స్ వాళ్ళది 080-46110007. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. మీ డీన్ అడిగినంత మాత్రాన ఇవ్వడానికి లేదు.

జయపురం చిన్నోడు
2021 మే 10, 0:41

నేను ఇప్పుడే వేసుకున్నా. 13.

మనసు వార్డు
2021 మే 10, 0:43

తొమ్మిదోది?

జయపురం చిన్నోడు
2021 మే 10, 0:44

సున్నా. ఒట్టు.

మనసు వార్డు
2021 మే 10, 0:45

ఇన్‌బాక్స్ చూడు. నా నంబరు పెట్టాను. పొద్దున తొమ్మిదికి నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తాను.

ఉద్దానం కొబ్బరి
2021 మే 10, 9:30

నేను డాక్టర్‌ని కాదు, కొబ్బరి తోట రైతుని. ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నకి కిడ్నీలు పోయాయి, మా ఉద్దానంలో ఇది ఇంటింటి కథే. డయాలసిస్ మీద ఉండగా పోయినేడు ఆగస్టులో కరోనా వచ్చింది. విశాఖలో పెట్టారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఆరో రోజు సాయంత్రం ఫోను వచ్చింది, చిన్నపిల్ల గొంతు. పేరు చెప్పింది, నాకు గుర్తు లేదు. "మీరు కూర్చున్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా" అని అడిగింది. అప్పుడే తెలిసిపోయింది నాకు.

చెప్పాక ఆ పిల్ల ఫోను పెట్టెయ్యలేదు. నేను ఏటి మాట్లాడానో తెలీదు. నేనాగేక ఒక మాట చెప్పింది. "పొద్దున గంజి అడిగారండీ. రెండు చెంచాలు తాగారు. ఉప్పు తక్కువైందన్నారు" అని.

అమ్మా, అదే మా నాన్న. ఉప్పు తక్కువైందనడం. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ అందరికీ చెబుతుంది. శవాన్ని చూడలేదు మేము. ఆ రెండు చెంచాల గంజే మాకు కడసారి చూపు.

నువ్వు ఏడ్చావా, గడియారం చూశావా మాకు తెలీదు తల్లీ. అవతల ఉన్నవాళ్ళకి గొంతే తెలుస్తుంది. అలాగని 19 నువ్వే చెయ్యాలని నేను అనను. నాకు ఆ రోజు చెప్పిన పిల్ల ఆ రాత్రి అన్నం తిందో లేదో అని ఇన్నాళ్ళూ అనుకోలేదు, ఇవాళ అనుకున్నాను.

వార్డు సిస్టర్
2021 మే 10, 9:52

ఇది డ్యూటీలో చదవకూడదు. గాగుల్స్ తడిసిపోయాయి.

పర్లాకిమిడి మాస్టారు
2021 మే 10, 20:10

నిన్న రాసింది వెనక్కి తీసుకోలేను కానీ, ఒక విషయం చెప్పాలి. మా అబ్బాయి ఎంబీబీఎస్ చివరి ఏడు. వాళ్ళని ఫోన్లో పేషెంట్లని కనిపెట్టుకునే పనిలో పెట్టారు. ఇంట్లోంచే చేస్తున్నాడు. నాతో ఏమీ మాట్లాడడు. నేను రోజూ "ఇవాళ ఎన్ని కేసులు, ఎంతమంది పోయారు" అని అడుగుతున్నాను. అంతకంటే ఏం అడగాలో తెలియదు నాకు.

రాత్రి డ్యూటీ
2021 మే 10, 20:25

లెక్కలు అడక్కండి మాస్టారూ. పక్కన కూర్చుని మామిడిపండు కోసి ఇవ్వండి. మా నాన్న అదే చేస్తారు, ఏమీ అడగరు. మూడో ముక్క తినేసరికి నేనే మొదలుపెడతాను.

లెక్క ప్రకారం
2021 మే 10, 21:00

రాతపూర్వకంగా అన్నది తొందరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ మాట మారదు. ఆ ఫోను దగ్గర ఒక సీనియర్ ఉండాలి. దీనికి స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది, మొదట కేన్సర్ పేషెంట్ల కోసం తయారైంది. ఉద్దానం ఆయనకి ఫోన్ చేసిన అమ్మాయి "కూర్చున్నారా, పక్కన ఎవరున్నారు" అన్నదే అందులో మొదటి మెట్టు. ఎవరో ఆమెకి నేర్పారు, లేదా ఆమె మంచితనం. ఆసుపత్రి నడవాల్సింది మంచితనం మీద కాదు, నేర్పడం మీద.

బరంపురం పిల్ల
2021 మే 23, 22:15

రెండు వారాలైంది. చెప్పకపోతే బాగోదు.

మనసు వార్డు అన్నయ్య చెప్పిన ఒక మేడమ్‌తో మూడుసార్లు మాట్లాడాను. ఆ మాత్ర మానేశాను. నిద్ర ఇంకా ముక్కలు ముక్కలుగానే.

మా యూనిట్ సార్ దగ్గరికి వెళ్ళాను. గుండె పీచుపీచుమంటూనే. 19 ఫోన్లు అని చెప్పాను (అప్పటికి 24). ఆయన లెక్క వేసుకోలేదట. "ఎవరూ చెప్పలేదేం" అన్నారు. నాకు కోపం వచ్చింది, పైకి అనలేదు. ఇప్పుడు రోజుకి ఒకటి మించి నాకు ఇవ్వరు, పక్కన సీనియర్ ఉండాలి. రాత్రుళ్ళు హాస్టల్ నుంచి పిలవరు. ఇది మా యూనిట్‌లోనే, పక్క యూనిట్‌లో మామూలే.

మాలో ఒక ఒడియా సీనియర్ ఉన్నారు. తెలుగులో ఆరు వాక్యాలు నా దగ్గర నేర్చుకుని, ఒడియా లిపిలో రాసి, ఫోను పైన గోడకి అంటించారు. "మీరు కూర్చున్నారా" అనేది "మీరు కుర్చున్నారా" అని వస్తోంది ఆయనకి. సాయంత్రం పది నిమిషాలు నన్ను కూర్చోబెట్టి పలికించుకున్నారు. ఫోన్ చేసింది ఆయనే. నేను పక్కన నిలబడ్డాను. అవతలివాళ్ళకి అర్థమైంది.

చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. రౌండ్స్‌లో ఒక్కో పేషెంటుది ఒక్క మాట రాస్తాను. "మనవడి పెళ్ళి జూన్‌లో." "ఫ్యాను చప్పుడు అంటున్నారు." ఉద్దానం బాబాయిగారూ, మీ దగ్గర నేర్చుకున్నాను.

ఏడిచాను కూడా. కంచిలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు నయమై ఇంటికి వెళ్తూ, పీపీఈలో ఉన్న నన్ను తేరిపార చూసి, "ఎవరమ్మాయివే నువ్వు" అన్నారు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో అడుగుతారే, అలా. మా నాన్న పేరు చెప్పాను. ఆవిడకి తెలియదు. "మంచివాడే అయ్యుంటాడు" అన్నారు. పీపీఈ విప్పే డాఫింగ్ రూములో ఇరవై నిమిషాలు ఏడిచాను. బయట ఇద్దరు క్యూలో ఉన్నా తలుపు కొట్టలేదు.

అమ్మకి ఫోన్ చేశాను.

జయపురం చిన్నోడు
2021 మే 23, 22:31

అక్కా, 13 కాస్తా 8 అయింది. నా పీపీఈ వెనక మార్కర్‌తో జీడిమామిడి పండు గీశాను. పిల్లల వార్డులో నా పేరే "కాజూ డాక్టర్" అయిపోయింది. ఒడియాలో సార్ అన్నట్టు "ఆజ్ఞా" అనేవాళ్ళే లేరు.

ప్రాణహిత ఒడ్డు
2021 మే 24, 7:10

ఆ వార్డు బాయ్ ఇంటికి వెళ్ళొచ్చాను. పనిలోకి వస్తానన్నాడు. నాకు మాడియాలో నాలుగు మాటలు నేర్పమన్నాను. నా పలుకు విని చాలా రోజుల తర్వాత నవ్వాడని వాళ్ళావిడ చెప్పింది.

రాత్రి డ్యూటీ
2022 నవంబర్ 6, 19:40

ఈ పాత చర్చని పైకి తెస్తున్నాను. పైన ఉన్న నంబర్లు పాతవి. అక్టోబర్ 10న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ మొదలైంది. 14416, డబ్బులు పడవు. మీ జూనియర్లకి పంపండి.

మా బ్యాచ్ సంగతి అడిగేవాళ్ళకి: ఆ వాయిదా పడ్డ నీట్ పీజీ 2021 సెప్టెంబర్ 11న జరిగింది, సీట్ల కౌన్సెలింగ్ 2022 జనవరి 12న గానీ మొదలవలేదు. అన్నాళ్ళూ మా చోటికి ఎవరూ రాలేదు. ఒక స్నేహితుడు మధ్యలో పీజీ వదిలేసి వెళ్ళిపోయాడు. అతను బాగానే ఉన్నాడు. మందుల కొట్టు పెట్టుకున్నాడు.

బరంపురం పిల్ల
2024 ఆగస్టు 25, 21:05

ఇప్పుడు నేను పీజీని. జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ నివేదిక వచ్చింది, చదివారా? సర్వేలో సమాధానమిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం తమకు మానసిక సమస్య ఉందని చెప్పారు. రెసిడెంట్లకి వారానికి 74 గంటలు మించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని సిఫారసు చేశారు. పీజీలు తక్కువమంది ఉండడం నాకు నమ్మబుద్ధి కాలేదు. మేము చెప్పుకోవడం తక్కువ, అంతే అయ్యుంటుంది. 74 కూడా ఎక్కువే. అయినా మా డ్యూటీ లిస్టు తీసి లెక్కేశాను. పోయిన వారం 96.

ఇంటర్న్‌లు వచ్చినప్పుడు మొదటి రోజే నా నంబరు, 14416 రెండూ బోర్డు మీద రాస్తున్నాను. కబురు చెప్పే ఫోన్లు నేనే చేస్తాను, వాళ్ళు పక్కన నిలబడి వింటారు.

కొత్తగా చేరాను
2024 ఆగస్టు 26, 1:50

ఈ చర్చ మొత్తం చదివాను. నేను మొదటి ఏడు పీజీ, సరిహద్దు దగ్గరే. ఆ నంబరు ఈ టైములో పనిచేస్తుందా? తెలుగులో మాట్లాడతారా?

పర్లాకిమిడి మాస్టారు
2024 ఆగస్టు 26, 1:58

24 గంటలూ ఉంటుంది బాబూ. తెలుగులోనే మాట్లాడారు. పోయినేడు నేను చేశాను. ఇప్పుడే చెయ్యి, అయ్యాక ఇక్కడ ఒక మాట రాయి, నేను మేలుకునే ఉంటాను.